స్లైడ్ మళ్లీ తీసి చూసిన యాదగిరన్న

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది.

"అత్తా, నాయిన పోయిండు."

"ఎవరి నాన్న?" అన్నాను. యాదగిరన్న కూతురు. ఆ పిల్ల గొంతు ముప్పై ఏళ్లుగా నాకు తెలుసు. అయినా అలా ఎందుకు అడిగానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

యాదగిరన్న నాకు రక్తసంబంధం కాదు. అప్పట్లో శ్రీనగర్ కాలనీ దగ్గర ఒక చిన్న ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్.

తొంభైల్లో మేం యూసుఫ్‌గూడలో ఒక గదిలో అద్దెకుండేవాళ్లం. నేను సినిమా కాస్ట్యూమ్స్ కుట్టేదాన్ని. మా అన్నయ్య సత్యం ఫిల్మ్‌నగర్‌లో సెట్ పెయింటర్. అన్నయ్య గుడ్డ మీద మబ్బులు వేస్తే, ఆరేసిన బట్టలు తీసేయాలేమో అనిపించేది.

అన్నయ్యకి జ్వరం పట్టుకుంది. మూడు నెలలైనా వదల్లేదు. చేతులు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట మాత్రం ఎడమ పక్క గట్టిగా పెరిగింది. మొహం నల్లబడింది.

హెచ్ఐవీ టెస్ట్ చేశారు. పాజిటివ్.

ఇక ఆ జ్వరం ఏంటని ఎవరూ అడగలేదు. "ఆ జబ్బుకి అంతే" అనేశారు.

ఒక్క డాక్టరమ్మ మాత్రం, అన్నయ్య ఇంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశాడని అడిగారు. సినిమాల్లోకి రాకముందు బీహార్‌లో నాలుగేళ్లు, ఒక పవర్ ప్లాంట్‌లో పెయింటింగ్ పని అని చెప్పాను. ఆవిడ రాస్తున్నది ఆపేశారు. అక్కడ కాలా అజార్ అనే జ్వరం ఉందట. ఒక రకం చిన్న ఈగ కుడితే వస్తుందట. ఏళ్ల తరబడి ఒంట్లో దాక్కుని, శక్తి పోగానే లేస్తుందట.

"దానికి మందుంది" అన్నారు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాం.

రక్తపరీక్షలో లేదని వచ్చింది. నడుం ఎముకలోంచి మజ్జ తీసి స్లైడ్ మీద పూశారు. ఆ స్లైడ్ చూసింది యాదగిరన్న. ఏమీ కనబడలేదని రాశాడు. దాంతో టీబీ మందులు మొదలుపెట్టారు.

పదో రోజు మధ్యాహ్నం ఆయన మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా ల్యాబ్ కిటికీలో తప్ప ఆయన్ని చూడలేదు.

"చెల్లె, తప్పు నాది" అన్నాడు. "మనసొప్పలే. గా స్లైడ్ మళ్ల తీసి చూసిన. పురుగులు ఉన్నయ్. జర తక్కువున్నయ్, గాని ఉన్నయ్. డాక్టరమ్మకు చూపెట్టిన. అవునన్నది."

"మరి రక్తంలో లేదన్నారు కదండీ?"

"రోగంతోని కొట్లాడే బలముంటెనే రక్తంల దాని గుర్తు దొరుకుతది. అన్నకు గా బలమే లేకపాయె."

నాకు ఒళ్లు మండిపోయింది. పది రోజులు పోయాయి. లోపలికి రమ్మనలేదు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. తలుపేసేశాను.

టీబీ మందులు ఆపి, కాలా అజార్ మందు రోజు విడిచి రోజు డ్రిప్‌లో పెట్టారు. ఎక్కించిన కాసేపటికే చలి, మంచం ఊగిపోయేంత వణుకు. వార్డులో అందరూ దూరం దూరంగా ఉండేవారు. యాదగిరన్న డ్యూటీ దిగి వచ్చి, దుప్పట్ల మీంచి అన్నయ్య కాళ్లు గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు.

ఎవరూ పిలవలేదు. తనే వచ్చేవాడు.

నెల దాటాక జ్వరం పోయింది. పొట్ట తగ్గింది. డిశ్చార్జ్ రోజు అన్నయ్య, "నన్నింత పని చేసినవాడి మొహం ఒకసారి చూపించు యాదగిరీ" అన్నాడు. యాదగిరన్న తీసుకెళ్లి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాడు. అన్నయ్య చాలాసేపు చూశాడు.

"ఈ ఊదా రంగు నాకెప్పుడూ కుదర్లేదురా" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఏడాదిలో అన్నయ్య నవ్వగా చూడటం అదే మొదలు.

ఏడు నెలలు పనికెళ్లాడు.

తర్వాత మళ్లీ అదే జ్వరం. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి ఇది తిరగబెడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పారు. హెచ్ఐవీకి ఇప్పుడున్న మందులు అప్పట్లో మాలాంటివాళ్లకి అందేవి కావు. రెండోసారి డ్రిప్‌కి కిడ్నీలు తట్టుకోలేదు.

అన్నయ్య పోయాడు. స్నానం చేయించడానికి మనిషి రాలేదు. యాదగిరన్న చొక్కా విప్పి మేకుకి తగిలించి, బకెట్ అందుకున్నాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి అడిగాను. "ఆ పది రోజులు పోకపోతే బతికేవాడా అన్నా?"

"తెల్వదు చెల్లె. మందు పది దినాలు ముందు పడుతుండె. గంతే ఎర్క."

ఏం తేడా ఉండేది కాదు అని ఆయన ఒక్క మాట అంటే ఇద్దరికీ తేలికయ్యేది. అనలేదు.

ఆయన ఆ స్లైడ్ మళ్లీ తీయకపోయినా, తీసి నోరు మూసుకున్నా, మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ ఏడు నెలలూ మాకు ఉండేవి కావు. ఇది నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అర్థమయ్యాక కూడా ఆయనతో అనలేదు. ఆయనకి తెలిసే ఉంటుందిలే అనుకున్నాను.

నిన్న వాళ్లింటినిండా జనం. దగ్గరికెళ్లి, ఆయన కాళ్లు ఒకసారి పట్టుకుని వచ్చేశాను.

అన్నా, నీ మీద నాకు కోపం లేదు. ఎప్పుడో పోయింది.

ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.