నీళ్ల బోను

మాస్టారు పోయారని పై వాటాలోంచి ఆయన భార్య పిన్నిగారు కబురు చేసేసరికి నా చేతిలో మొక్కలకు నీళ్లు పోసే చెంబు ఉంది. దాన్నెక్కడ పెట్టానో చాలాసేపు గుర్తు రాలేదు. పెట్టినచోటు మరిచిపోయే మనిషిని కాను.

ఆయన విజయవాడలోనే ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. కాలేయం చెడిపోకుండా ఏ ఆకు కాపాడుతుందో ఎలుకల మీద పరీక్షించేవారు. మా పుట్టిల్లు ఉయ్యూరు దగ్గర. చెరుకు గట్ల మీద నేలఉసిరి విరివిగా మొలుస్తుంది. వానాకాలంలో వేళ్లతో సహా తెచ్చి ఇచ్చేదాన్ని. "పురుగుమందు కొట్టిన గట్టుదైతే వద్దమ్మాయ్. తర్వాత ఏది ఏం చేసిందో తేలదు" అనేవారు.

కాలేయాన్ని పాడుచేసే రసాయనం ఎలుకలన్నిటికీ పట్టేవారట. దానికి ముందు నుంచే ఒక బోనులోవాటికి ఆకు రసం, ఇంకో బోనులోవాటికి ఉత్త నీళ్లు.

"నీళ్ల బోనువాటికి అన్యాయం కదా మాస్టారూ?" అని అడిగాను.

"అన్యాయమే. అవి లేకపోతే ఆకు కాపాడిందో, వాటంతటవే బతికాయో ఎట్లా తెలుస్తుంది?"

ఎలుకలను కోసి చూసిన రోజు ఆయన మజ్జిగ తప్ప ఏమీ ముట్టేవారు కాదు. కామెర్లకు పసరు పోయమని ఎవరైనా వస్తే, "ఎలుకకి పోసింది మనిషికి పోస్తానటండీ? ముందు ఆస్పత్రికి వెళ్లండి" అని గుమ్మంలోనే కసిరేవారు. "ఎలుకల డాక్టరుగారు! నాకు జ్వరమొస్తే మాత్రం ఆ తెల్ల బిళ్లే" అని లోపలినుంచి పిన్నిగారు దెప్పేవారు.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఆయన కళ్లే పచ్చబడ్డాయి. కాలేయం చాలావరకు పోయిందన్నారు డాక్టర్లు. నేను ఉయ్యూరు వెళ్లి నేలఉసిరి తెచ్చాను. పిన్నిగారు రోలు కడిగి సిద్ధంగా పెట్టారు.

"వద్దు" అన్నారాయన. "దెబ్బ తగలకముందు ఇచ్చినవాటినే కాపాడింది. తగిలాక ఇచ్చి నేను చూడలేదు."

"ఇప్పుడు చూడండి. మీ మీదే చూడండి" పిన్నిగారు ఏడ్చేశారు.

"ఒక్కణ్ణి చూస్తే ఏం తేలుతుందే? పక్కన నీళ్ల బోనేదీ?" నవ్వబోతే దగ్గొచ్చింది. మొక్కలను కుండీలో నాటమని నాకు చెప్పి, తాగడానికి నీళ్లడిగారు.

ఇచ్చి ఉంటే? బియ్యం ఏరుతున్నా, బట్టలు మడతపెడుతున్నా ఆ మాట వెనకగా వచ్చి నిలబడుతుంది. రసం తాగిన మాస్టారొకరు, తాగని మాస్టారొకరు ఉంటే తేలేది. మాకున్నది ఒక్కరే.

కుండీ ఇప్పుడు మా మెట్ల దగ్గరుంది. పొద్దువాలితే నేలఉసిరి ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. పై మెట్టు మీద ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. తలెత్తకుండా చెంబు వంచుతాను. ఉత్త నీళ్లే.