పైకి పలకని ప్రార్థన

నా చిన్నప్పుడు మా కొండల్లో మనిషి పెదవులు ఊరికే కదిలితే ప్రాణం మీదికి వచ్చేది. చిల్లంగి అనేవారు. లోలోపల మంత్రం చదివి మనుషుల్ని చంపేస్తారని భయం. ఎవరి మీదైనా ఆ అనుమానం పడితే ముందుపళ్ళు రాయితో ఊడగొట్టేసేవారు. పళ్ళు లేని నోట మంత్రం పలకదని, ఇక ఆ మనిషితో భయం లేదని మా వాళ్ళ లెక్క. ఇప్పటి పిల్లలు విని నవ్వుతారు. నవ్వనీ. ఆ రాతి దెబ్బ చెవులారా విన్నదాన్ని నేను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అరకు లోయకు పైనున్న మా ఊళ్ళో చలిజ్వరాలు వచ్చాయి. వారంలో ముగ్గురు పిల్లలు పోయారు. అప్పుడే మైదానం నుంచి ఓ కాలేజీ కుర్రాడు క్వినైన్ మాత్రల డబ్బా మోసుకుంటూ కొండెక్కి వచ్చాడు. చొక్కాకి వాళ్ళ సంఘం బిళ్ళ, జేబులో చిన్న బైబిలు. మేం కాలేజీ అన్న అనేవాళ్ళం. అమ్మానాన్నా లేని నన్ను పెంచుతున్న మా అమ్మమ్మ అతనికి వసారాలో చాప వేసింది.

పాపం, ఆ అన్న కాళ్ళు రెండు పడవల మీద. వాళ్ళ కాలేజీలో ఓ సేవా సంఘం ఉండేదట. అందులో అన్ని మతాలవాళ్ళూ సభ్యులే కనక, సేవకు వెళ్ళిన చోట మతం మాట ఎత్తకూడదని నియమం. అదే కాలేజీలో క్రైస్తవ విద్యార్థుల ప్రార్థన కూటం ఇంకొకటి. దేవుణ్ణి తలవకుండా మందివ్వడమేమిటని వీళ్ళ పట్టు. ఇద్దరికీ మాటిచ్చి వచ్చాడు మహానుభావుడు! రెండూ కలిపి తనకు తోచిన దారి పట్టాడు. మాత్ర చేతికిచ్చి, కళ్ళు మూసుకుని, ప్రార్థన పెదవుల్లోనే చెప్పుకునేవాడు. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

పక్కింటి మావ కొడుకు నా ఈడువాడు. వాడు జ్వరంతో పడుకున్నప్పుడూ అన్న అలాగే చేశాడు. మర్నాటి పొద్దున వాడు పోయాడు. ఆ ఏడుపుల మధ్య నేను, నా నోరు పడిపోను, చూసింది చూసినట్టు చెప్పేశాను. "అన్న ఆడి మీద ఏటో సదివినాడు. పెదాలు కదిలినాయి." ఏటి సదువుతున్నావని అన్నను ఒక్కసారి అడిగి ఉంటే పోయేది. అడగలేదు.

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా మా గుమ్మంలో ఉంది. అన్న నీళ్ళ కోసం గెడ్డకు వెళ్ళాడు. దొరికింది అమ్మమ్మ. వాణ్ణి ఇంట్లో పెట్టుకున్నది ఆవిడే కనక, మంత్రం నేర్పింది కూడా ఆవిడే అన్నారు. జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చారు. కర్రలతో కొట్టారు. మోచేయి విరిగిన చప్పుడు నాకు వినబడింది. కొడుకు పోయిన మావ ఆమె గుండెల మీద మోకాలు పెట్టి రాయి ఎత్తాడు. "నోరు తెరువే ముసిల్దానా!" నేను మావ కాళ్ళు పట్టుకుంటే ఒక్క తన్ను తన్నాడు. రోటి మీద పడి నా నుదురు చిట్లింది.

అప్పుడు వచ్చాడు అన్న. మంత్రం చదివే పళ్ళు తియ్యండనే అరుపులు విని, కావిడి పడేసి పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా దూరాడు. "సదివింది నేను, ఆమె కాదు. తియ్యాలంటే నా పళ్ళు తియ్యండి" అని తానే మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచాడు. కళ్ళు మూసుకోలేదు. మావ మూడు దెబ్బలు వేశాడు. పైవరస ముందుపళ్ళు నాలుగూ పోయాయి, పెదవి రెండుగా చీలింది. నెత్తురు గడ్డం మీంచి ఆ బిళ్ళ మీదికి కారింది. మావ రాయి విసిరేసి, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ నేల మీద కూలబడి ఏడ్చాడు.

అందరూ వెళ్ళాక, చెప్పింది నేనేనని అన్న దగ్గర ఒప్పుకున్నాను. నన్నూ కొడతాడనుకున్నాను. గుడ్డ నోటికి అదుముకుని, మాట జారిపోతుంటే నెమ్మదిగా అన్నాడు. "నువ్వు సూసిందే సెప్పినావు గుంటా. పైకి సెప్పకుండా దాసింది నేను." నా నుదుటి గాయం కడిగి కట్టు కట్టింది కూడా అతనే. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మర్నాడు తెల్లవారగానే అన్న డబ్బా పట్టుకుని మావ గడప ముందు నిలబడ్డాడు. మావ కూతురికీ జ్వరం తగిలింది. వెళ్ళొద్దురా నాయనా అని అమ్మమ్మ తల బాదుకుంది. అన్న చీలిన నోరు తెరిచి చూపించి, మాత్ర ముందుకు చాపాడు. పళ్ళు లేని నోరు! మా లెక్క ప్రకారం ఇక ఆ మనిషితో భయమేముంది? మావ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ఈసారి అన్న పిల్ల తల మీద చెయ్యి వేసి, అందరూ వినేలా పైకే ప్రార్థించాడు. ఆ పిల్ల బతకాలని, మావ కడుపుకోత చల్లారాలని. సగం మాటలు గాలిలో పోయినా అందరికీ అర్థమైంది. నియమం తప్పినందుకు వాళ్ళ సంఘం ఏమందో నాకు తెలియదు. ఆ సాయంత్రానికి ఊళ్ళో ప్రతి ఇల్లూ మాత్ర పుచ్చుకుంది. పిల్ల బతికింది. అమ్మమ్మ చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది.

నేను అన్న మతం పుచ్చుకోలేదు, మా కొండ దేవతకే మొక్కుతాను. కానీ ఎవరి మీదైనా చిల్లంగి అని గుసగుసలు మొదలయ్యాయని తెలిస్తే, చేతికర్ర ఊతగా పట్టుకుని తిన్నగా ఆ మనిషి ఇంటికే వెళ్తాను. ఇప్పుడు నాకూ ముందుపళ్ళు లేవు, వయసు ఊడదీసింది. మాట అన్న మాటలాగే జారిపోతుంది. అయినా ఆనాడు అడగాల్సిన ప్రశ్న గుమ్మంలో నిలబడి అడుగుతాను.

"ఏటి సదువుతున్నావు నాయనా? పైకి సెప్పు, ఇంటాను."