అట్టలక్క ఫెయిల్ కావాల్సిన పరీక్ష

అట్టలక్క పురిటి మంచం మీద ఒక పెద్ద నిఘంటువు కుట్టి, అట్ట వేసి, జిగురు ఆరేలోపు కొడుకును కన్నది. అబ్బా అని ఒక్కసారీ అనలేదు. సరే, నిఘంటువు కాకపోవచ్చు, పల్చటి పాటల పుస్తకమే అనుకుందాం. అబ్బా అనకపోవడం మాత్రం నిజం.

ఆ గొప్పే ఇప్పుడు ఆమె తమ్ముడి ప్రాణం తోడేస్తోంది. బైండింగు షాపులో ముప్పై ఏళ్లు పుస్తకాలు కుట్టిన అక్క వేళ్లు రెండేళ్లుగా కణుపుల దగ్గర ఉబ్బి, ఎర్రబడి, కాలిపోతున్నాయి. ఒళ్లు తన కీళ్లనే పగవాళ్లనుకుని తినేసే జబ్బు. ఉన్న మందులన్నీ వాడి చూడడం అయిపోయింది. ఇంకో ఏడాది ఇలాగే సాగితే వేళ్లు వంకర తిరిగి బిగుసుకుపోతాయని, ఆ తర్వాత ఏ మందూ వాటిని చాపలేదని డాక్టరమ్మ చెప్పేసింది.

తమ్ముడి ఉద్యోగం పరిశోధనశాలలో ఎలుకలను సాకడం. ఆ జబ్బే తెప్పించిన ఎలుకలు బోను కడ్డీ పట్టుకోలేక దబ్బున పడిపోయేవి. కొత్త మందు పడ్డాక ఒక తోకతెగినది కడ్డీకి వేలాడుతూ, విడిపించబోయిన అతని వేలు కొరికింది. ఆ పంటి గాటు చూసుకుంటూ అతను ఇంటిదాకా ఏడ్చాడు. ఇప్పుడు ఆ మందు మనుషుల మీద పరీక్షిస్తున్నారు. అందులో చేరడానికి ఒక్క చోటే మిగిలింది. చేర్చుకోవాలంటే నొప్పి పదికి ఆరైనా ఉండాలి.

"పదికి ఎంతమ్మా?" అని నర్సు అడిగింది.

"రెండు," అంది అట్టలక్క. పిడికిలి బలం కొలిచే పరికరాన్ని పళ్లబిగువున నొక్కి, ఎన్ని మార్కులొచ్చాయని కూడా అడిగింది.

వరండాలో తమ్ముడు తల పట్టుకున్నాడు. "పొద్దున ఏమైనా మింగావా?"

"రెండు నొప్పి మాత్రలు. పరీక్షన్నావుగా."

"ఇది ఫెయిల్ కావాల్సిన పరీక్ష అక్కా."

"మనింట్లో ఫెయిలయ్యే డ్యూటీ నీదిరా."

"అబద్ధం చెప్పమనడం లేదే తల్లీ. నిజం చెప్పమంటున్నా."

ఆమె గొంతు తగ్గింది. "ఉందని ఒకసారి అన్నానంటే, ఇక అది పోదురా."

బతిమాలి రెండు రోజుల గడువు తెచ్చాడు. మాత్రల డబ్బా తన జేబులో దాచాడు. చెంచా పట్టలేక అక్క రెండు అరచేతులతో గిన్నె ఎత్తుకుని తాగుతుంటే, అంత పాపిష్టి పని తానెన్నడూ చేయలేదనుకున్నాడు. జేబులోకి నాలుగుసార్లు చెయ్యి పోయింది. బయటికి తీయలేదు.

మూడో రోజు డాక్టరమ్మే అడిగింది. "మూడు," అంది అట్టలక్క. తమ్ముడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

బల్ల మీద ఒప్పంద పత్రాలు పిన్ను ఊడి చెదిరి ఉన్నాయి. "ఇదేం కుట్టమ్మా?" అంటూ అట్టలక్క వాటిని సర్ది, సంచిలోంచి సూదీదారం తీసింది. సూది జారింది. తడుముకుని తీసింది. మళ్లీ జారింది. మూడోసారి వంగలేదు.

"సూది నా చేతిలోంచి ఎప్పుడూ పడలేదు," అంది ఆ కాగితాలతో. "తొమ్మిది రాసుకోండి."

చేర్చుకున్నారు. ఎవరికి మందు పడుతోందో, ఎవరికి ఉత్త నీళ్లో డాక్టరమ్మకు కూడా తెలియదు. ఆరు వారాలైంది. వాపు అలాగే ఉంది. తమ్ముడు రోజూ సాయంత్రం తన వేలు చాపి, "గట్టిగా పట్టుకో," అంటాడు. ఆమె పట్టుకుంటుంది. అతనికి నొప్పి పుట్టదు.

అట్టలక్కను అడిగి చూడండి. చేతులు ఒళ్లో దాచుకుని చెబుతుంది: "అంతా కట్టుకథ. సూదీ పడలేదు, తొమ్మిదీ అనలేదు. కొడుకు పుట్టిన రోజు షాపే తీయలేదు. నాకు నొప్పేంటి?"