క్రిస్మస్ పాటలో దూరిన గిటార్

చిన్నప్పుడు నేనూ అన్నయ్యా పడిచచ్చిన ఇంగ్లీషు రాక్ గాయకుడి మీద టీవీలో డాక్యుమెంటరీ వేస్తారని పేపర్లో చూడగానే ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. మా ఇంట్లో టీవీ లేక కాదు. ఆయన్ని అన్నయ్య పక్కన కూర్చుని చూడకపోతే నాకు చూసినట్టే ఉండదు.

ఆయన మాకు అరిగిపోయిన క్యాసెట్లోనే పరిచయం. అప్పట్లో అన్నయ్య చర్చిలో గిటార్ వాయించేవాడు. ఒక క్రిస్మస్‌కి పాట చరణాల మధ్య ఆయన గిటార్ ముక్క గుట్టుచప్పుడు కాకుండా దూర్చేశాడు. ఎవరైనా పట్టేస్తారేమోనని చుట్టూ చూశాను. పాస్టరుగారు మాత్రం కళ్లు మూసుకుని తలాడించారు. మరుసటేడు భయపడి మానేస్తే, "ఆ ముక్కేదండీ? అది లేకపోతే పండగలా లేదు" అని సంఘ పెద్దలే అడిగారు. అలా ఆ రాక్ సంగీతం బాప్తిస్మం పుచ్చుకుని మా సంఘంలో చేరిపోయింది.

తర్వాత అన్నయ్య రొయ్యల చెరువులు లీజుకు తీసుకుని కైకలూరు వెళ్లిపోయాడు. గిటార్ అటకెక్కింది. చర్చిలో ఆ ముక్కను ఇప్పటికీ కీబోర్డు మీద వాయిస్తారు, చప్పగా. అన్నయ్య చేత్తో ఒక్కసారి మళ్లీ వినాలని నా ఆశ. టీవీలో ఆ గాయకుణ్ణి చూస్తేనైనా కదులుతాడేమోనని వెళ్లాను.

మధ్యాహ్నం, బయట మబ్బు పట్టింది. టీవీలో ఆయన ఎంత ముసలివాడైపోయాడో! బుగ్గలు పీక్కుపోయాయి, వేళ్ల కణుపులు ఉబ్బాయి. మాటలు సగం అర్థం కాలేదు. ఇంతలో పాత గిటార్ ఒళ్లోకి తీసుకుని ఆ ముక్కే మొదలుపెట్టాడు.

వదినదీ మా సంఘమే. "ఇదేంటండీ, మన క్రిస్మస్ పాట ఈయనకెలా వచ్చింది?" అంది.

అన్నయ్య పగలబడి నవ్వాడు. అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

"గిటార్ దించుతావా అన్నయ్యా?" అన్నాను. అటక వైపు చూశాడు. అప్పుడే కరెంటు పోయింది.

"ఏవండీ, ఏరియేటర్లు ఆగిపోయాయండీ!" అని వదిన కేక వేసింది.

మబ్బు రోజున చెరువు నీళ్లను చిలికే ఆ చక్రాలు ఆగితే రొయ్యకు ఊపిరాడదు. అన్నయ్య లుంగీ ఎగ్గట్టి పరుగెత్తాడు. వెనకే నేనూ వెళ్లాను. కాసేపు మొరాయించి డీజిల్ ఇంజన్ అందుకుంది.

అన్నయ్య ఆయాసపడుతూ గట్టు మీద కూలబడ్డాడు. "టీవీలో ఆయన ఆ ముక్క పూర్తిగా వాయించి ఉంటాడంటావా?" అని గట్టిగా అడిగాడు.

"ఏమో" అన్నాను.

కాసేపటికి చూస్తే అన్నయ్య ఎడమచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. ఆ ముక్కే. పెదాలు కూడా కదులుతున్నాయి, కూనిరాగం తీస్తున్నాడు. పక్కకు జరిగి చెవి ఒగ్గాను. ఇంజన్ మోత తప్ప ఏమీ వినపడలేదు. ఒక్క నిమిషం ఆపమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆపితే చెరువే పోతుంది. కరెంటు ఎప్పుడొస్తుందా అని తీగల వంక చూస్తూ కూర్చున్నాను.

కరెంటు వచ్చి ఇంజన్ ఆగేసరికి, అన్నయ్య రెండో చెరువు చూడ్డానికి లేచిపోయాడు.