మామ రెండు తలుపుల కారు

మా మామ చనిపోయిన సంగతి నాకు ఫోన్లో తెలిసింది. ఉదయం పదకొండు గంటల వేళ పెరట్లో మిరపకాయలు ఆరబోస్తున్నాను. ఫోన్ చేసింది ఆత్మకూరులో కార్లు బాగుచేసే మెకానిక్కు. పరాయివాళ్లతో ఫోన్లో మాట్లాడే అలవాటు నాకు లేదు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊరికే నిలబడతాను. అవతలివాళ్లు చెప్పాల్సింది చెప్పి పెట్టేస్తారు. ఆ రోజు ఆయన పెట్టలేదు.

"అమ్మా, ఉండావా? ఇంట్లో ఇంకెవురన్నా ఉంటే ఫోను వాళ్లకియ్యి."

ఇవ్వడానికి ఎవరూ లేరు. మా అత్తను నేను ఫోటోలోనే చూశాను. మా ఆయన లారీ డ్రైవరు. ఆ రోజు నాగపూర్ దగ్గరెక్కడో ఉన్నాడు.

"నేనే ఉండాను. చెప్పండి" అన్నాను.

"మీ మామ టీ తాగతా తాగతా బల్ల మీదనే ఒరిగిపోయినాడమ్మా. ఆస్పత్రికి ఎత్తుకోని పోయినాము. అప్పటికే అయిపోయిందన్నారు."

మధ్యాహ్నం మామను వ్యానులో తెచ్చారు. వెనకాలే ఆయన కారు వచ్చింది, మెకానిక్కు తోలుకుంటూ. వీధి మలుపులో ఆ ఇంజను శబ్దం వినపడగానే నేను లేచి వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టాను. పొయ్యి వెలిగించాక గానీ ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు.

మా మామ ఆత్మకూరు డిపోలో బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి. మా ఊరు ఉదయగిరి పక్కన. ఆయన తోలిన బస్సుల్లో ఎక్కని మనిషి ఈ చుట్టుపక్కల లేడు. ఉద్యోగం అయిపోయిన ఏడాదికి, నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే, నెల్లూరు వెళ్లి ఒక పాత కారు తోలుకొచ్చాడు. పసుపుపచ్చ రంగు. పొట్టిగా, నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది. తలుపులు రెండే. మెకానిక్కు దాన్ని కూపే అంటాడు. కుర్రకారు కోసం చేసిన బండి, ధర తక్కువ, పరుగు ఎక్కువ అని చెబుతాడు.

మా ఇంటి ఎదుట టీ కొట్టు దగ్గర దాన్ని చూసి నవ్వని వాళ్లు లేరు.

"ఏందన్నా, తక్కిన రెండు తలుపులు నెల్లూర్లోనే మరిచిపోయి వచ్చినావా?"

"మరిచిపోలేదురా, వద్దని ఇచ్చేసి వచ్చినా. ముప్పై ఏళ్లు యాభై మందిని వీపు మీదేసుకోని తోలినా. ఇంక నా వెనకాల ఎవురూ కూచోగూడదు."

ఎవరైనా నిజంగా కొనాలనుకుని అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేవాడు. "సంసారులు కొనబాకండి. నడుం నొప్పుండే వోడు అసలు కొనబాకండి. దిగాలంటే బాయిలో నించి ఎక్కొచ్చినట్టుంటాది. తలుపులు పొడుగు, సందులో తీస్తే గోడకు కొట్టుకుంటాయి. డిక్కీలో తవుడు మూట ఒకటే పడతాది. స్పీడు బ్రేకరు కనపడితే దేవుణ్ణి తలుచుకోవాల." ఇంత చెప్పి, కాసేపాగి అనేవాడు. "అయితే ఒకటిరా. బస్సులో కూచుంటే రోడ్డు యాడో కిందుంటాది. దీంట్లో కూచుంటే రోడ్డు మీదనే కూచోని పోతా ఉన్నట్టుండాది. స్టీరింగు ఒక్క ఏలితో తిరగతాది. గేరు మారిస్తే మారినట్టు కూడా తెలీదు. ఒక్కడే పోవాలనుకునే వోడికి ఇంతకన్నా బండి లేదు."

ఒక్కడే పోవాలని కొన్న ఆ బండిలో నేను ఎక్కాల్సి వచ్చింది.

మా వైపు కోడలు మామ ఎదురుగా కూర్చోదు. ఎదురు నిలబడి మాట్లాడదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అన్నం పెట్టి నేను తలుపు చాటుకు వెళ్లేదాన్ని. ఇంకొంచెం కావాలంటే ఆయన పళ్లెం మీద వేలితో తట్టేవాడు. నేను వచ్చి వడ్డించి మళ్లీ వెళ్లిపోయేదాన్ని. కోపం వల్ల కాదు, అదే మర్యాద. మా ఆయన నెలకు నాలుగైదు రోజులు ఇంట్లో ఉండేవాడు. తక్కిన రోజుల్లో గొడ్లతో తప్ప నేను ఎవరితోనూ మాట్లాడిన గుర్తు లేదు. అనంతసాగరం దగ్గర మా పుట్టింట్లో గొర్రెల వెంట అరుస్తూ తిరిగిన పిల్లనే. ఇక్కడికి వచ్చాక నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తులేకుండా పోయింది.

ఒకసారి ఆత్మకూరు ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది. నాకు అప్పుడు మూడో నెల. మామ కారు బయటికి తీసి ముందు తలుపు తెరిచి పెట్టాడు. నేను కదల్లేదు. మామ పక్కన సమానంగా ఎలా కూర్చోవడం? టీ కొట్టు దగ్గర నలుగురూ చూస్తున్నారు. ఆయనా అలాగే నిలబడ్డాడు. అప్పుడుగానీ ఆయనకు తట్టినట్టు లేదు, కోడలున్న ఇంటికి ఎలాంటి బండి తెచ్చాడో.

టీ కొట్టులోంచి ఒకాయన అరిచాడు. "అన్నా, టాపు మీద కూచోబెట్టు!"

మామ ముందు సీటు మడిచాడు. దాని వెనక ఒక చిన్న సీటు ఉంది, సంచులు పెట్టుకునేంత. ఆయన అటు తిరిగి కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. కోడిపెట్ట గంపలో దూరినట్టు నేను వంగి అందులో దూరాను. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. తల పైకప్పుకు తగిలింది. ఆయన సీటు సరిచేసి, తన చోట కూర్చుని, తాళం తిప్పాడు. ఇంజను మోగుతోంది. కారు కదలడం లేదు.

"రైట్ అనాల" అన్నాడు రోడ్డు వైపు చూస్తూ.

నాకు అర్థం కాలేదు.

"ముప్పై ఏళ్లు కండక్టరు రైట్ అనంగానే తోలినా. అనకపోతే నా కాలు క్లచ్చి మీద నించి లేవదు. వెనక కూచునే వాళ్లే అనాల."

టీ కొట్టు వాళ్లు ఇంకా చూస్తూనే ఉన్నారు. చివరికి "రైట్" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"బస్సులో ఇంజను పక్కన కూచునే వోడికి ఇనపడాలమ్మా."

"రైట్!" అన్నాను.

కారు కదిలింది. మామతో నేను అన్న మొదటి మాట అదే.

ఊరు దాటాక అడిగాడు. "వెనక ఏముండాది చూడు."

మెడ తిప్పి వెనక కిటికీలోంచి చూశాను. "బస్సు వస్తోంది మామా."

"దగ్గిరా, దూరమా?"

"దూరమే. ఇప్పుడు కొంచెం దగ్గర."

"దోవ ఇయ్యమంటావా?"

"ఇచ్చేయండి."

అలా మొదలైంది. పదిహేను రోజులకొకసారి ఆస్పత్రి, మధ్యలో సంత, ఒక్కోసారి ఏ పనీ లేకుండా "బండికి గాలి తగలాల" అని. వెనక లారీ ఉందని, ట్రాక్టరు ఉందని చెబుతూ చెబుతూ, గడ్డివామి అయిపోవస్తోందని చెప్పాను. తర్వాత దూడ పాలు తాగడం లేదని. తర్వాత మా అమ్మ గురించి. ఆయన ముఖం రోడ్డు వైపు, నా ముఖం ఆయన వీపు వైపు. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి మర్యాద ఎక్కడా తప్పలేదు. ఇంటికి వచ్చాక మళ్లీ నేను తలుపు చాటుకు, ఆయన పళ్లెం దగ్గరికి. ఇంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడుకోలేదు. మా మాటలన్నీ ఆ కారులోనే.

ఎగతాళి కూడా చేసేవాడు. "కండక్టరమ్మా, టికెట్టు కొట్టినావా? చెకింగు వాళ్లు ఎక్కితే నా మీద పెట్టబాక." నేను నవ్వేదాన్ని. నవ్వు వినపడితే గేరు మార్చి కొంచెం జోరుగా పోయేవాడు.

ఆ మూడో నెల బిడ్డ నిలవలేదు. తర్వాత ఏడాది ఇంకొకటి కూడా నిలవలేదు. రెండోసారి ఆస్పత్రి నుంచి వస్తూ చాలా దూరం నేను ఏమీ చెప్పలేదు. ఆయనా వెనక ఏముందని అడగలేదు. ఎండకు రోడ్డు మెరుస్తోంది. "మామా, ఇది కూడా పోయింది" అన్నాను. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. మా అమ్మకు కూడా చెప్పలేదు. ఆ వీపుకే మొదట చెప్పాను.

ఆ రోడ్డులో ఎన్ని స్పీడు బ్రేకర్లు ఉన్నాయో అన్నింటికీ ఆ కారు అడుగు గీసుకుంటుంది. ఎప్పుడూ గరగరమనే శబ్దం వచ్చి, ఆయన పళ్లు కొరికి "చచ్చింది" అనేవాడు. ఆ రోజు ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా బండిని దాదాపు ఆపి, కొంచెం ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్ని ఎక్కించి దించాడు. వెనక బస్సులు హారన్లు కొట్టాయి. ఎవరికీ దోవ ఇవ్వలేదు. ఇల్లు చేరేదాకా ఒక్కచోట కూడా గీసుకోలేదు. దిగాక కొండ వైపు చూస్తూ, "రేపు పొద్దన నేనే పాలు పిండతా. నువ్వు పడుకో" అన్నాడు. నన్ను ఓదార్చడానికి ఆయన అన్నది అంతే.

పెద్దకర్మ అయ్యాక మా ఆయన కారు అమ్మేద్దామన్నాడు. ఆయన లారీ మీద ఉంటాడు, నాకు తోలడం రాదు. ఎండకూ వానకూ పాడవుతుంది. మెకానిక్కు ద్వారా ఆత్మకూరులో ఒకరు చూస్తామన్నారు. ఆస్పత్రిలో నా చీటీ చూపించాల్సిన రోజు కూడా అదే కాబట్టి నన్నూ రమ్మన్నాడు. నాకు వద్దనాలని ఉంది. పెళ్లయిన ఇన్నాళ్లలో మా ఆయన్ని నేను ఇది కావాలనీ, అది వద్దనీ అడిగి ఎరగను.

అలవాటుగా సీటు మడిచి వెనక దూరాను.

"ఏందే, పిచ్చా? ముందుకి రా" అన్నాడు.

"ఇక్కడే బాగుంది" అన్నాను.

ఆయన కూర్చుని పైకి చూశాడు. "ఈ అద్దం ఏంది, పైకప్పుకి తిరిగుండాది? ఇదేసుకోని ఎట్ట తోలినాడు మా నాయన?" తిప్పబోతే తిరగలేదు. బిగించి ఉంది.

షెడ్డులో మెకానిక్కును అదే అడిగాడు. ఆయన చేతులు తుడుచుకుంటూ నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు.

"నేనే బిగించినా అబ్బయా. మొదటిసారి మీ ఇంటిదాన్ని ఆస్పత్రికి తీసుకొచ్చిన రోజే తిప్పించుకున్నాడు. 'ఎనక కూచునే బిడ్డ నాకు కనపడతా ఉంటే నోరు తెరవదురా, కనపడకుండా చెయ్యి' అన్నాడు. వెనక బండ్లు ఎట్ట తెలస్తాయన్నా అంటే, 'పక్కద్దాలు రెండుండాయి గదరా, గుడ్డోణ్ణా నేను' అన్నాడు."

నేను షెడ్డు బయట నిలబడి వింటున్నాను. ఆ రెండేళ్లలో వెనక ఏముందని ఆయన ఎన్నిసార్లు అడిగాడో నాకు లెక్క లేదు. ప్రతిసారీ ఆయనకు కనపడుతూనే ఉంది.

కొనేవాళ్లు వచ్చి చూసి, వచ్చే వారం తీసుకుంటామని వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన ముందుకు రమ్మని అనలేదు. తానే సీటు మడిచాడు. అద్దం వదులు చేయడానికి మెకానిక్కు పానా ఇవ్వబోతే వద్దన్నాడు. అద్దం అలాగే ఉంది. ఆత్మకూరు దాటి చాలా దూరం వచ్చాం. ఆయన వీపు వాళ్ల నాయన వీపులాగే కొంచెం ఎడమకు వంగి ఉంటుందని అప్పుడే గమనించాను.

"కారు అమ్మబాకండి" అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. "ఎవురు తోల్తారే?"

"తెలీదు. అమ్మబాకండి."

కొంతదూరం పోయాక అన్నాడు. "వారానికోసారన్నా స్టార్టు చెయ్యాల. లేకపోతే బ్యాటరీ పడుకుంటాది. చేస్తావా?"

"చేస్తాను."

"సరే. వాళ్లకి ఫోన్ చేసి చెప్తాలే."

మా ఆయన మళ్లీ లారీ ఎక్కాడు. ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. ఇద్దరికి వండి, తర్వాత సగం గొడ్లకు పెడుతున్నాను. కొలత ఇంకా చేతికి రాలేదు. ఆదివారం పొద్దున గొడ్ల పాక పక్కకు వెళ్లి కారు మీద కప్పిన పట్టా తీస్తాను. మామ కాళ్లకు తగ్గట్టు ఉన్న సీటు అది, నా పాదాలు క్లచ్చికి అందవు. సీటు ముందుకు జరపడం ఎలాగో మెకానిక్కు చూపించాడు గానీ నేను జరపలేదు. అంచు మీద కూర్చుని కాలు చాచి తాళం తిప్పుతాను. పది నిమిషాలు ఇంజను మోగుతుంది. ఎదురుగా గోడ, గోడ మీద పిడకలు.

ఆ పది నిమిషాల్లోనే మా ఆయన ఫోన్ చేస్తాడు. ఇదివరకు "తిన్నావా" అని అడిగి పెట్టేసేవాడు. ఇప్పుడు "స్టార్టయిందా" అంటాడు. అయిందంటాను. తర్వాత ఆయన ఏమీ మాట్లాడడు, పెట్టేయడు కూడా. అవతల లారీల శబ్దం వినపడుతూ ఉంటుంది. నేను ఏదో ఒకటి చెబుతాను, దూడ గురించో, వాన గురించో. ఒక్కోసారి చెప్పడానికి ఏమీ ఉండదు. అప్పుడు ఇద్దరం రెండు ఇంజన్ల శబ్దం వింటాం.

ఇంజను ఆపగానే ఎక్కడినుంచో ఒక పిల్లి వస్తుంది. మాది కాదు. వెచ్చగా ఉంటుందని బానెట్టు మీదికెక్కి, పసుపుపచ్చ రేకు మీద ముడుచుకుని పడుకుంటుంది. తలుపు తీస్తే లేచిపోతుందని నేను దిగను. రేకు చల్లారేదాకా, పిల్లి తనంతట తాను ఒళ్లు విరుచుకుని వెళ్లేదాకా, ముందద్దం ఇవతల అలాగే కూర్చుని ఉంటాను.