రోడ్డు బోర్డుల ఇంగ్లీషు

మా బడి ముందున్న రోడ్డును వెడల్పు చేస్తున్నారు. పోయిన వారం ఆరో తరగతిలో నేను ఇంగ్లీషు పాఠం చెబుతుంటే కిటికీలోంచి వేడి తారు వాసన లోపలికి వచ్చింది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం సుద్దముక్క చేతిలో పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాను. ఆ రోజు పాఠం ప్రయాణాలకు, వాహనాలకు సంబంధించిన మాటలు. బస్, లారీ, అరైవల్, డిపార్చర్, జర్నీ అని పిల్లలు వరసగా అప్పజెబుతున్నారు. ఆ మాటలన్నీ నేను బడిలోనూ కాలేజీలోనూ చదువుకున్నవే. వాటి బరువు తెలిసింది మాత్రం తిరువళ్లూరులో ఒక లారీ ఆఫీసులో, మునిరత్నం అయ్య దగ్గర.

మాది తమిళనాడులో తిరుత్తణి పక్కన ఒక చిన్న ఊరు. ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. ఇంట్లో తెలుగే మాట్లాడినా తమిళ మీడియంలో చదివి, ఇంగ్లీషు బి.ఏ. ఫస్టు క్లాసులో పాసయ్యాను. మా వీధిలో ఇంగ్లీషు డిగ్రీ తెచ్చుకున్న మొదటి పిల్లను నేనే. ఆ సంగతి ఎవరినీ మరిచిపోనిచ్చేదాన్ని కాదు. మా నాన్నకు తెలిసినవాళ్లెవరో చెబితే, ఉత్తరాలు టైపు చేసే పనికోసం మునిరత్నం అయ్యను చూడటానికి వెళ్లాను. ఆయనకు ఆరు లారీలు ఉండేవి. యజమాని కాకముందు ఇరవై ఏళ్లకు పైగా తానే లారీ నడిపాడు. పెద్ద చేతులు, తెల్ల చొక్కా, చొక్కా జేబులో కళ్లద్దాలు. ఆ అద్దాలు ఆయన పెట్టుకోగా నేను చాలాకాలం చూడలేదు.

"ఇంగ్లీషులో ఫస్టు క్లాసా పాపా? అయితే డైవర్షన్ అంటే ఏందో చెప్పు" అన్నాడు.

దారి మళ్లింపు అని చెప్పాను.

"అది దాని అర్థం. ఆ మాట నిన్ను ఏం చెయ్యమంటా ఉండాది?"

నేను మళ్లీ అర్థమే చెప్పబోయాను. ఆయన టేబులు మీద మూడు వేళ్లు ఒక్కొక్కటిగా ఆనించాడు. "స్పీడు తగ్గించమంటాది. ముందర కనిపించే దోవ ఎంత బాగుండినా నమ్మొద్దంటాది. పక్కకు తిరగమంటాది. ఒక్క మాటలో మూడు పనులుండాయి."

పక్కన ఫోను దగ్గర కూర్చున్న మనిషి నన్ను చూసి నవ్వాడు. ఆయన కన్నయ్య మామ, అయ్య భార్యకు తమ్ముడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే లారీకి డ్రైవర్లు. మామకు కుడికాలు మోకాలి కింద లేదు. చంకకర్ర గోడకు ఆనించి, రోజంతా దారిలో ఉన్న డ్రైవర్లతో ఫోనులో మాట్లాడుతుండేవాడు. కాలు ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అయ్యకు ఇంగ్లీషులో వందకు పైగా మాటలు వచ్చు. అన్నీ రోడ్డు పక్క బోర్డుల మీద నేర్చుకున్నవే. ఒక్కొక్క మాటకు ఒక చోటు ఉండేది. న్యారో బ్రిడ్జి అంటే గూడూరు దాటినాక ఎదురుగా బస్సు వస్తే ఆయన గుండె ఆగినంత పనైన చోటు. స్టీప్ అంటే బ్రేకులు కాలిన వాసన వచ్చిన ఒక ఘాట్ రోడ్డు. "ఇస్టీపు" అనేవాడు. నేను ఒకసారి సరిదిద్దాను. ఆయనకు కోపం రాలేదు. సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరి ముందూ ఆ మాట అని, "ఇప్పుడు సరిగ్గా ఉండాదా పాపా?" అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. నేను గర్వంగా తల ఊపుతూనే ఉన్నాను.

నేను చేరిన రెండు నెలలకు ఆయన ఒక కొత్త పని పెట్టాడు. ఉత్తరాదికి వెళ్లే కుర్ర డ్రైవర్లకు బోర్డుల మీది మాటలు చదవడం రావడం లేదని, ఆదివారం పొద్దున వాళ్లకు ఒక గంట పాఠం చెప్పమన్నాడు. ఆఫీసు గోడకు నల్లబల్ల తగిలించాడు. మొదటి ఆదివారం ఏడుగురు వచ్చారు. అయ్య అందరికంటే వెనక కూర్చున్నాడు. నా చేతిరాత బాగుంటుందని నాకు పేరు. బల్ల మీద గుండ్రటి చిన్న అక్షరాల్లో పది మాటలు రాశాను. డ్రైవర్లు తడబడుతుంటే, వాళ్లకు ధైర్యం వస్తుందని, "అయ్యా, మీరు చదివి చూపించండి. మీకు ఇవన్నీ కొట్టిన పిండే కదా" అన్నాను.

ఆయన లేచి బల్ల దాకా వచ్చాడు. దానివైపు చాలాసేపు చూశాడు. "కండ్లద్దాలు మర్చిపొయ్యి వచ్చినా" అని మెల్లగా బయటికి వెళ్లిపోయాడు. అద్దాలు ఆయన జేబులోనే ఉన్నాయి. డ్రైవర్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, దాచుకోలేదు. కన్నయ్య మామ ఒక్కడే నవ్వకుండా నావైపు చూశాడు. మరుసటి వారం అయ్య ఏమీ జరగనట్టే, "పాపా, బోర్డు మీద ఉండే మాదిరి పెద్దగా రాయి" అని మాత్రం అన్నాడు. చూపు తగ్గిందేమో అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున నేనెక్కిన ఎలక్ట్రిక్ రైలు అరక్కోణం దగ్గర ఆగిపోయి, తిరువళ్లూరు చేరేసరికి గంటన్నర ఆలస్యమైంది. రైలు దిగితే ప్లాట్‌ఫారం మీద అయ్య నిలబడి ఉన్నాడు. అంతటి మనిషి నాకోసం స్టేషనుకు రావడమేమిటని భయపడ్డాను. ఆయన తన ఫోను నా చేతిలో పెట్టాడు. 

"దీంట్లో ఏముండాదో చదువు పాపా. మన డ్రైవరు ప్రభు సరుకు తీసకపోతా ఉండే ఫ్యాక్టరీవాళ్లు పంపించినారు."

అది చిన్న అక్షరాల్లో ఉన్న రెండు వాక్యాలు. ఫ్యాక్టరీకి వెళ్లే కాలువ మీది వంతెన దెబ్బతిన్నది, బరువు బండ్లు దాని మీదికి రాకూడదు, బైపాస్ మీదుగా రావాలి. చదివి చెప్పగానే ఆయన అక్కడి బెంచీ మీద కూర్చున్నాడు.

"ప్రభు ఎక్కడున్నాడయ్యా?"

"వంతెనకు ఈవల్నే ఉండాడు. ఇది ఏందో తెలిసేదాకా యాడుండావో ఆడే నిల్చిపో అని చెప్పినా. గంటన్నర నుంచి రోడ్డు పక్కనే ఉండాడు."

నేను ప్రభుకు ఫోను చేసి బైపాస్ సంగతి చెప్పాను. తర్వాత అడగకూడనిదే అడిగాను. "పక్క కొట్టులో ఎవరినడిగినా చదివి చెప్పేవాళ్లు కదయ్యా?"

"అడగలేకపోతిని" అన్నాడు. ఇంకో రైలు వచ్చి వెళ్లింది. తర్వాత పట్టాలవైపు చూస్తూ చెప్పాడు. ఆయన ఒక్కరోజు కూడా సరిగ్గా బడికి పోలేదు. లారీ నడిపే కొత్తలో, ఎక్కడో దూరపు రాష్ట్రంలో, వానలు వెలిసిన మరుసటి పొద్దున ఆయన, కన్నయ్య మామ సరుకుతో వెళ్తున్నారు. దారిలో ఒక బోర్డు అడ్డంగా పెట్టి ఉంది. దానిమీద ఏముందో ఆయనకు తెలియలేదు. పోయిన నెల అదే దారిలో వెళ్లాడు కాబట్టి బోర్డును తప్పించి నేరుగా పోనిచ్చాడు. మలుపు తిరగ్గానే వరదకు కొట్టుకుపోయిన కల్వర్టు. లారీ ముందుభాగం అందులోకి దిగబడింది. మామ కాలు ఇరుక్కుంది.

"ఆస్పత్రిలో ఒకాయన్ని అడిగినా, ఆ బోర్డు మీద ఏం రాసుండిందని. డైవర్షన్ అన్నాడు. ఆ పొద్దు మొదలుకొని బోర్డు కనిపిస్తే చాలు, బండి నిలిపి, దిగి ఎవర్నో ఒకర్ని అడిగేవాణ్ణి. అట్ల నేర్చుకున్నా. బోర్డుల మీద అన్నీ పెద్ద ఏబీసీడీలే కదా పాపా. అయ్యి మాత్రం తెలుసు. ఈ చిన్నయ్యి ఉండాయే, ఇయ్యి ఆ పెద్దవాళ్ల పిల్లోళ్లని తెలుస్తా ఉండాది. ఎవురి పిల్లోళ్లో తెలీడం లేదు."

ఆదివారం నల్లబల్ల ముందు నేను చేసిన పని అప్పుడు నాకు అర్థమైంది. క్షమించమని అడగాలనుకున్నాను. అంతలో ఆయనే లేచి, "సరి పద, ఆఫీసు తెరవాల" అన్నాడు.

మరుసటి రోజు నేను తిరుత్తణి స్టేషనులో ఆయనకోసం ఎదురుచూశాను. ఆయన ఇల్లు తిరుత్తణిలోనే, రోజూ కారులో ఆఫీసుకు వచ్చేవాడు; చిన్న అక్షరాలు నేర్పుతాను, కారు మాని నాతో రైల్లో రమ్మని ముందురోజు సాయంత్రమే అడిగి ఉంచాను. ఆఫీసులో అయితే ఎవరైనా చూస్తారు. రైల్లో మమ్మల్ని పట్టించుకునేవాళ్లు ఎవరున్నారు? ఆయన టిఫిన్ క్యారియరు, ఒక రూళ్ల నోటుపుస్తకం పట్టుకుని వచ్చాడు. జేబులోని అద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఎ పక్కన చిన్న ఎ, బి పక్కన చిన్న బి, తల్లి పక్కన పిల్ల అని రాయించాను. చిన్న బి, చిన్న డి ఆయన్ని చాలా ఏడిపించాయి. "రెండూ ఒకటే మొగం. కవల పిల్లోళ్లా?" అనేవాడు. తిరువళ్లూరు దగ్గరపడి కడంబత్తూరు స్టేషను వచ్చేసరికి పుస్తకం మూసి సంచిలో పెట్టేసేవాడు. అక్కణ్ణుంచి మళ్లీ యజమాని. రైలు దిగేటప్పుడు మాత్రం రోజూ, "పాత్తు పో పాపా" అనేవాడు తమిళంలో, చూసుకొని పో అని. నాలుగు నెలలు అలా సాగింది.

ఆ నాలుగు నెలలూ ఆయన ఎన్నిసార్లు తప్పు చదివినా నేను ఒక్కసారి కూడా "కాదు" అనలేదు. "ఇంకోసారి చూడండయ్యా" అనేదాన్ని. ఎవరూ నేర్పకుండానే నా గొంతు తగ్గింది.

ఐదో నెలలో కన్నయ్య మామ పేరు మీద చెన్నైలోని ఒక ఆస్పత్రి నుంచి ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. కొత్త కాలు పెట్టించుకొమ్మని అయ్య ఏళ్ల తరబడి బతిమాలితే మామ అప్పటికి ఒప్పుకున్నాడు. అలవాటు ప్రకారం మామ కవరు నాకు ఇవ్వబోతే అయ్య చెయ్యి చాపాడు. అద్దాలు పెట్టుకున్నాడు. ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి, "ప్లీజ్... అరైవ్..." అని మొదలుపెట్టాడు. నేను టైపు చేయాల్సిన కాగితం పక్కన పెట్టేశాను.

"అరైవ్ అంటే చేరుకోమంటా ఉండారు కన్నయ్యా. పొద్దున పది గంటలకి. ఒక... అటెండెంట్..." ఆగి నావైపు తిరిగాడు. "ఇదేంది పాపా?"

"తోడుగా వచ్చే మనిషి అయ్యా."

"అయితే నేనే" అన్నాడు.

కన్నయ్య మామ ఆ ఉత్తరంవైపు చూడలేదు. బావ ముఖంవైపే చూస్తున్నాడు. "ఎప్పుడు నేర్చుకున్నావు బావా?"

"రైల్లో."

"నీకు చదవను రాదని నాకు ముందే తెలుసులే" అన్నాడు మామ. "ఆ పొద్దు బోర్డు కాడ కూడా తెలుసు. నువ్వు నా మొగం చూస్తివి, నేను నీ మొగం చూస్తిని. నాకు వచ్చింటే నేను చెప్పుండనా? ఇద్దరికీ రాలేదు. దాన్ని నువ్వొక్కడే ఇన్నేండ్లూ ఎందుకు మోస్తివి?"

అయ్య అద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని ఉత్తరం మొదటినుంచి చదివాడు. ఆ రెండోసారి ఎక్కడా ఆగలేదు.

నేను అక్కడ నాలుగేళ్లు పనిచేశాను. తర్వాత బి.ఇ.డి. చదివి టీచరునయ్యాను. పెళ్లయింది, అమ్మాయి పుట్టింది. మూడేళ్ల కిందట అయ్య పోయారు. బడిలో ఏ పిల్లనూ పిల్లాణ్ణీ నలుగురి ముందు లేపి చదవమని నేను అడగను. ముందుగా వాళ్ల బెంచీ మీదే పక్కన కూర్చుని వింటాను. దానికి ఆలస్యమవుతుందని హెడ్‌మాస్టరు అంటుంటారు. అవుతుంది.

ఇంకో అలవాటు కూడా మిగిలింది. బస్సులో కూర్చుంటే దారిలో కనిపించే బోర్డునల్లా పైకి చదువుతాను. మా అమ్మాయికి పదేళ్లు, అది చాలా సిగ్గుపడుతుంది. పోయిన నెల తిరువళ్లూరు నుంచి వస్తుంటే, "గమ్మునుండమ్మా, అందురూ చూస్తా ఉండారు. చదవను ఎవురికి రాదు?" అని నా చెయ్యి గిల్లింది. మా ముందు సీట్లో ఒక పెద్దామె, ఒళ్లో మూట పెట్టుకుని, అప్పటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె వెనక్కి తిరిగి, "తిరుత్తణి ఇంకా ఎంత దూరమని రాసుండాది మా?" అని అడిగింది. పన్నెండు కిలోమీటర్లని చెప్పాను. ఆమె మూట సర్దుకుని నిమ్మళంగా కూర్చుంది.

మా అమ్మాయి నా చెయ్యి వదిలి కిటికీవైపు జరిగింది. తర్వాత వచ్చిన బోర్డును తనే చదివింది, ముందు సీటుకు వినబడేలా.