డివైడర్‌లో సందు

చంద్రమ్మ బోరబండ నుంచి వచ్చి మధురానగర్ మలుపులో జామకాయల బండి పెట్టుకుని పద్నాలుగేళ్లయింది. ఎదురుగా డివైడర్‌లో మనిషి పట్టేంత సందు ఉండేది. హాస్టలు పిల్లలు అందులోంచే దాటి వచ్చి, కాయ కోయించుకుని ఉప్పూకారం చల్లించుకునేవారు. అలా దాటేవాళ్లనే బైకులు గుద్దేవి. పడినవాళ్లకు ముందుగా నీళ్లు పట్టేది చంద్రమ్మే.

చలికాలం ఒక పొద్దున సుమశ్రీ అనే ప్రభుత్వ ఇంజనీరు వచ్చింది. ప్రమాదాలు ఎక్కువ జరిగే చోట్లను గుర్తించి బాగుచేసే పథకమట.

"ఏడాదిలో ఇక్కడ రెండే ప్రమాదాలని ఉందమ్మా. ఈ చోటు జాబితాలోకి ఎక్కదేమో" అంది ట్యాబ్ చూస్తూ.

"రెండేంది మేడం? కేసు రాస్తెనే లెక్కనా? కాళ్లు ఇరిగినోళ్లను నేనే ఆటోల ఎక్కిచ్చిన."

చంద్రమ్మ కత్తి పక్కన పెట్టి, గుర్తున్నవాళ్లందరి గురించీ చెప్పింది. తన పక్కనే పూలమ్మిన బుచ్చమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"ఆవిడకి ఎలా ఉందిప్పుడు?"

"లేదు. నాలుగు దినాలు దవాఖానల ఉండి పోయింది. గా సందు మూసెయ్యుండ్రి మేడం."

సుమశ్రీ అంతా రాసుకుంది. వెళ్లబోతూ తటపటాయించింది. "మూసేస్తే మీ బేరం దెబ్బతింటుందేమోనమ్మా."

"నాకెర్కనే" అంది చంద్రమ్మ.

ఉగాదికి ముందే ఇనుప కంచె బిగించారు. రోడ్డు దాటాలంటే అమీర్‌పేట సిగ్నలు దాకా నడవాలి. పిల్లలు కొన్నాళ్లు అవతలి నుంచే చెయ్యి ఊపారు, తర్వాత అదీ మానేశారు. కాయలు బండి మీదే మెత్తబడిపోయేవి.

"నువ్వే చెప్పి మూయించినవంట గదా పెద్దమ్మా! మా గిరాకీ సుత పాయె" అని టీకొట్టు నరేశ్ నిష్ఠూరమాడాడు.

బండిని సిగ్నలు దగ్గరికి తోసుకెళితే, నడిచేవాళ్లకు అడ్డమని పోలీసు పంపేశాడు. చివరికి బండి అమ్మేసి, పంజాగుట్టలో బస్టాపు పక్కన గంప పెట్టుకుంది. నిలబడితే మోకాళ్లు, కూర్చుంటే నడుము నొప్పి పుట్టేవి. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు.

వానలు మొదలయ్యాక ఒకరోజు నరేశ్ బస్సు కోసం వచ్చి ఆమెను చూశాడు. పక్కన చతికిలబడ్డాడు.

"కంచె పెట్టినంక ఒక్కలు సుత పడలే పెద్దమ్మా" అన్నాడు.

"మంచిగాయె" అంది చంద్రమ్మ. నరేశ్ బస్సెక్కి వెళ్లిపోయాక, గంప మీద పట్టా కప్పి, వాన తగ్గేదాకా మోకాళ్లు ఒత్తుకుంటూ కూర్చుంది.